దరువు తెగని రాత్రి

డీజే ఉన్న రాత్రిని నిలబెట్టేది ఏదో ఒక గొప్ప పాట కాదు. పాటకూ పాటకూ మధ్య దరువు తెగకపోవడమే దాని ప్రాణం. ఒక పాట అయిపోయి మరొకటి అందుకునేలోపు నిశ్శబ్దం వస్తే ఆడే కాళ్లు ఆగుతాయి. ఆగిన కాళ్లను మళ్లీ లేపడం కష్టం. ఈ తెగని దరువును ఒక పూర్తిస్థాయి విద్యగా మలిచింది అమెరికాలోని చికాగో నగరంలో పుట్టిన హౌస్ సంగీతం. ఆ విద్య కొసలు ఈనాడు సిద్దిపేట దాకా వచ్చాయి. ఇక్కడ అది క్లబ్బు గోడల మధ్య కంటే పెళ్లి బరాత్‌లో, వినాయక నిమజ్జనంలో, బోనాల ఫలహార బండి ముందు ఎక్కువగా వినిపిస్తుంది. చికాగో క్లబ్బుకూ సిద్దిపేట బరాత్‌కూ వేషం వేరు, భాష వేరు. కానీ మీటల ముందు నిలబడ్డ మనిషి చేసే పని మాత్రం ఒకటే.

చికాగోలో పుట్టుక

1970లలో అమెరికా డ్యాన్సు క్లబ్బులను ఏలింది డిస్కో సంగీతం. 1977లో రాబర్ట్ విలియమ్స్ చికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరిచి, న్యూయార్క్ నుంచి ఫ్రాంకీ నకల్స్ అనే యువ డీజేను రప్పించాడు. సౌత్ జెఫర్సన్ వీధిలోని ఆ మూడంతస్తుల భవనానికి వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు. వారిలోనూ చాలామంది బయటి సమాజం దూరంగా పెట్టిన స్వలింగ ప్రియులు. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. పళ్లరసం, నీళ్లు ఉండేవి. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పొద్దెక్కేదాకా సాగేది. మరెక్కడా చోటు దొరకనివారికి ఆ ఒక్క రాత్రి స్వేచ్ఛ దొరికేది.

1979 జూలై 12న అదే నగరంలోని కమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో, ఒక పెట్టె నిండా డిస్కో రికార్డులను పేల్చివేశారు. డిస్కో అంటే గిట్టని రేడియో వ్యాఖ్యాత స్టీవ్ డాల్ నడిపిన కార్యక్రమం అది. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగనే లేదు. ఆ తర్వాత పెద్ద రికార్డు కంపెనీలు డిస్కోకు దూరం జరిగాయి. డీజేలకు కొత్త రికార్డుల రాక తగ్గింది. నకల్స్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పాత పాటలనే టేపు మీద కత్తిరించి, అతికించి, ఆటకు పనికొచ్చే భాగాన్ని సాగదీశాడు. కింద దరువు యంత్రాన్ని జతచేశాడు. కొన్ని రాత్రులు దీపాలన్నీ ఆర్పేసి, రైలు దూసుకుపోయే చప్పుడును స్పీకర్లలో వదిలేవాడు. ఆ చీకట్లో రైలు మీదికి వచ్చేసినట్టే ఉండేదట.

వేర్‌హౌస్‌లో మోగే ఈ తరహా సంగీతానికే రికార్డు దుకాణాల్లో క్రమంగా హౌస్ అన్న పేరు స్థిరపడింది. 1982లో నకల్స్ అక్కడి నుంచి బయటికి వచ్చి పవర్ ప్లాంట్ అనే తన సొంత క్లబ్బు పెట్టాడు. మ్యూజిక్ బాక్స్ అనే మరో క్లబ్బులో రాన్ హార్డీ ఇంకా వేగంగా, ఇంకా ఉధృతంగా దరువు నడిపాడు. 1984లో జెస్సీ సాండర్స్ విడుదల చేసిన 'ఆన్ అండ్ ఆన్' తొలి హౌస్ రికార్డని చాలామంది లెక్క. 1987 జనవరిలో స్టీవ్ సిల్క్ హర్లీ పాట 'జాక్ యువర్ బాడీ' బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మాంచెస్టర్‌లోని హాసియెండా క్లబ్బు, స్పెయిన్ దేశపు ఇబిజా దీవి ఈ సంగీతానికి కొత్త నెలవులయ్యాయి. రీమిక్స్ కళాకారులకు గ్రామీ సంస్థ 1998లో మొదటిసారి ఇచ్చిన పురస్కారం నకల్స్‌కే దక్కింది. ఆయన 2014లో కన్నుమూశాడు. వేర్‌హౌస్ నడిచిన భవనాన్ని 2023లో చికాగో నగరం చారిత్రక కట్టడంగా గుర్తించింది.

పాట నిర్మాణం

హౌస్ పాటకు వెన్నెముక నాలుగు సమానమైన దెబ్బలు. ప్రతి దెబ్బకూ బేస్ డ్రమ్ము పడుతుంది. రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ చప్పట్ల మోత తోడవుతుంది. దెబ్బకూ దెబ్బకూ సరిగ్గా మధ్యలో తాళాల చప్పుడు 'చిక్' అని పలుకుతుంది. వేగం సాధారణంగా నిమిషానికి 120 నుంచి 130 దెబ్బలు. అంటే అర సెకనుకో, అంతకు కాస్త తక్కువకో ఒక్కో దెబ్బ.

ఈ శబ్దాల్లో చాలా భాగం జపాన్ కంపెనీ రోలాండ్ తయారుచేసిన యంత్రాలవి. 1980లో వచ్చిన టీఆర్-808, 1983లో వచ్చిన టీఆర్-909 దరువు యంత్రాలు మొదట్లో ఆశించినంతగా అమ్ముడుపోలేదు. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరకడంతో అవి చికాగో కుర్రాళ్ల చేతికొచ్చాయి. స్టూడియో అద్దె కట్టలేనివారు పడకగదిలోనే పాట చేయగలిగారు. అదే రోలాండ్ 1985లో ఆక్టాప్యాడ్ తెచ్చింది. తెలంగాణ పెళ్లిళ్లలో మోగే ప్యాడ్ బ్యాండ్‌కు ఆ ప్యాడే ఆధారం.

భారతదేశంలోనూ ఈ యంత్రాలతో ఒక అరుదైన ప్రయోగం జరిగింది. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో 808 దరువు యంత్రాన్నీ, టీబీ-303 అనే మరో రోలాండ్ యంత్రాన్నీ జతచేసి పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఆల్బమ్‌గా విడుదల చేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2010లో అది మళ్లీ విడుదలైనప్పుడు, చికాగోలో ఆ 303 యంత్రంతోనే తర్వాత పుట్టిన ఆసిడ్ హౌస్ పోకడలు ఇందులో ముందే వినిపించడం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది.

హౌస్ పాటలో దెబ్బలు నాలుగేసి చొప్పున, ఆ నాలుగులు ఎనిమిదేసి చొప్పున కట్టలు కడతాయి. అంటే ఒక్కో వాక్యానికి 32 దెబ్బలు. కర్ణాటక సంగీతపు లెక్కలో చెప్పాలంటే ఆది తాళం నాలుగు ఆవర్తనాలు. నిమిషానికి 124 దెబ్బల వేగంలో ఈ వాక్యం సుమారు పదిహేనున్నర సెకన్లలో పూర్తవుతుంది. కొత్త వాద్యం చేరినా, గొంతు మొదలైనా, బేస్ ఆగినా దాదాపు ఎప్పుడూ ఈ హద్దు దగ్గరే. లెక్క తెలియని కాళ్లకు కూడా ఇప్పుడేదో మారబోతోందని ముందే తెలిసిపోవడానికి కారణం ఇదే. పాట మొదట్లోనూ చివర్లోనూ కొంతసేపు దరువు ఒక్కటే ఉంటుంది. ఆ జాగా డీజే కోసం ఉంచిందే.

డీజే చేతిలో పని

డీజే ముందు రెండు ప్లేయర్లు, మధ్యలో మిక్సరు, చెవికి హెడ్‌ఫోన్. ఒక ప్లేయర్‌లోని పాట జనానికి వినిపిస్తుంటే రెండోదాన్ని డీజే హెడ్‌ఫోన్‌లో తానొక్కడే వింటూ సిద్ధం చేస్తాడు. మోగుతున్న పాట నిమిషానికి 124, రాబోయేది 120 అయితే రాబోయేదాని వేగాన్ని సుమారు 3.3 శాతం పెంచితే రెండూ సమానమవుతాయి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 రికార్డు ప్లేయర్ ఈ పనికి బాగా కుదిరింది. బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లెం తిప్పడం వల్ల వేగం చలించేది కాదు. 1979 నాటి దాని రెండో రూపంలో వేగాన్ని ఎనిమిది శాతం దాకా పెంచడానికీ తగ్గించడానికీ జారుడు మీట వచ్చింది. 2001లో పయనీర్ సీడీజే-1000 తెచ్చాక సీడీలనూ రికార్డుల్లాగే చేత్తో నడపడం కుదిరింది. ఇప్పుడు ల్యాప్‌టాప్, కంట్రోలరు చాలు.

వేగం కలిస్తేనే సరిపోదు. వాక్యం కూడా కలవాలి. పాత పాటలో 32 దెబ్బలు ముగిసే చోటే కొత్త పాట మొదటి దెబ్బ పడాలి. తప్పితే గొంతు మీద గొంతు పడి రభస అవుతుంది. ఆ తర్వాతది బేస్ లెక్క. రెండు పాటల బేస్ ఒకేసారి మోగితే శబ్దం బురదగా మారుతుంది. అందుకే కొత్త పాట బేస్‌ను తగ్గించి లోపలికి తెచ్చి, వాక్యం హద్దు రాగానే పాతదాని బేస్ తీసేసి కొత్తదాని బేస్ వదులుతారు. వినేవారికి పాట మారిందన్న సంగతి మారిపోయాకగానీ తెలియదు. శ్రుతులు కలిసే పాటలను పక్కపక్కన పెట్టడం దీనికి మరింత మెరుగు.

వేగాలు కలిపే పని ఈ రోజుల్లో కంప్యూటర్ మీట ఒక్కటి నొక్కితే అయిపోతుంది. ఎప్పుడు ఏ పాట వేయాలన్న నిర్ణయం మాత్రం మనిషిదే. దానికోసం డీజే తెర కంటే ఎక్కువగా జనాన్నే చూడాలి. అంచుల్లో నిలబడ్డవారు ముందుకు వస్తున్నారా, మధ్యలో ఉన్నవారి భుజాలు వాలుతున్నాయా, ఎవరి కళ్లు గుమ్మం వైపు తిరుగుతున్నాయి అన్నవే అతనికి ఆధారాలు.

రాత్రి నడక

క్లబ్బులో మంచి రాత్రికి మూడు దశలు. మొదటి గంట, గంటన్నర వేగం తక్కువగా, బేస్ నెమ్మదిగా ఉంటుంది. వచ్చినవారు మాట్లాడుకుంటూనే తల ఊపాలి. ఈ దశలో పెద్ద పాటలు వేసి మంటపెట్టే డీజే తర్వాతి గంటలను దోచుకున్నవాడవుతాడు. రెండో దశలో వేగం ఒక్కో దెబ్బ చొప్పున పెరుగుతుంది. పాటల్లో గొంతులు తగ్గి దరువు పెరుగుతుంది. నడుమ బేస్ తీసేసి, ఆడేవారిని ఒక వాక్యం సేపు ఆగబట్టి, మళ్లీ ఒక్కసారిగా వదలడం ఈ దశలోనే. ఎంత తరచుగా చేస్తే ఆ ఎత్తు విలువ అంత పడిపోతుంది. మూడో దశలో వేగం దిగి, గొంతు మళ్లీ పైకొచ్చి, అందరికీ తెలిసిన పాటలు తిరిగొస్తాయి. జనం అలసటతో కాక తృప్తితో ఇంటిదారి పట్టాలి.

నాలుగు గంటల రాత్రిలో పాటకు నాలుగైదు నిమిషాల చొప్పున యాభై, అరవై పాటలు పడతాయి. వాటికి రెట్టింపో అంతకు మించో పాటలు సిద్ధంగా ఉంచుకోవాలి. ముందే రాసుకున్న జాబితాను అక్షరాలా నడిపితే జనం ఉన్నా లేనట్టే. ఏ రాత్రికారాత్రి వరుస మారితేనే ఆ రాత్రి గుర్తుండిపోతుంది.

తెలంగాణ దరువు

రాత్రంతా జనాన్ని దరువుతో నడిపించే విద్య సిద్దిపేట నేలకు కొత్తది కాదు. జిల్లాలోని కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది. అక్కడ ఒగ్గు పూజారులు పట్నాలనే రంగుల ముగ్గులు వేస్తారు, ఒగ్గు కథకులు మల్లన్న కథ, బీరప్ప కథ చెబుతారు. కథ ఎక్కడ పెరగాలో, ఎక్కడ తగ్గాలో డోలు కొట్టేవారు కథకుడి గొంతునూ వినేవారి ముఖాలనూ చూసి పట్టుకుంటారు. డప్పుకూ ఇదే పద్ధతి. తోలును మంట మీద కాచి శ్రుతి తెచ్చుకుని, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి, ఆడేవారి అడుగును బట్టి దరువు మారుస్తారు.

తీన్మార్ దరువుది మరో దారి. అది పుట్టిన హైదరాబాద్ మర్ఫా వాద్యంలో యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బుల పోకడలు, తూర్పు ఆఫ్రికా సిద్దీల పోకడలు కలిశాయి. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ అశ్విక దళం ఉండేది. మాసబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ పేటకు పేరు వచ్చింది ఆ దళం వల్లే. పెళ్లి ఊరేగింపుల్లో ఈ అరబ్బులు, సిద్దీలు వాయించిన దరువులు పాతబస్తీ దాటి, మతాల గీత దాటి తెలంగాణ అంతటా పాకాయి. హౌస్‌కూ తీన్మార్‌కూ రెండింటికీ ఆఫ్రికా నుంచి తరలివచ్చిన మనుషుల చేతివాటం మూలాల్లో ఉంది.

రెంటి నడక మాత్రం వేరు. హౌస్‌లో ప్రతి దెబ్బ రెండుగా, నాలుగుగా చీలుతుంది. అది చతురశ్రం. తీన్మార్‌లో ప్రతి దెబ్బలో మూడేసి మాత్రలు దొర్లుతాయి. అది తిశ్రానికి దగ్గర. హౌస్ కాలును నేలకు నిలకడగా తాకిస్తుంది, తీన్మార్ భుజాన్ని ఎగరేస్తుంది.

సిద్దిపేట బరాత్

పెళ్లి ముహూర్తం పగలు అయితే బరాత్ చీకటి పడ్డాక కదులుతుంది. ముందు డీసీఎం మీదో ట్రాక్టరు మీదో డీజే బండి. అందులో జనరేటర్, ఆంప్లిఫయర్లు, వరుసగా పేర్చిన బేస్ బాక్సులు, వాటి మీద టాప్‌లు, పైన తిరిగే రంగుల లైట్లు. ల్యాప్‌టాప్ ముందు డీజే. వెనక పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చున్న కారు. మధ్యలో ఆడేవాళ్లు.

క్లబ్బు డీజేకు జనం ఒకచోట ఉంటారు. బరాత్ డీజేకు జనం నడుస్తూ ఉంటారు. క్లబ్బుకు వచ్చేవారి వయసు, రుచి కాస్త దగ్గరదగ్గరగా ఉంటాయి. బరాత్‌లో మేనత్తలు, బామ్మర్దులు, చిన్నపిల్లలు, దోస్తులు అందరూ ఆడతారు. ఒకరికి జానపదం కావాలి, ఒకరికి పాత సినిమా పాట, ఇంకొకరికి నాగిని బూర. 'అన్నా, ఆ పాట వెయ్యన్నా' అన్న కేకలు బండి చుట్టూ ఆగవు. అందుకే ఇక్కడ పాట నిమిషం, రెండు నిమిషాలకు మించి నిలవదు. వేగాలు, నడకలు అంతగా తేడా ఉన్న పాటలను నేరుగా అతికించడం కుదరదు కాబట్టి మధ్యలో తీన్మార్ ముక్క వంతెన అవుతుంది. చతురశ్రంలో పాట ముగించి, కొన్ని దెబ్బల పాటు ఒట్టి దరువు నడిపి, తిశ్రంలోకి దింపడం బరాత్ డీజేల సొంత నేర్పు. హౌస్ డీజేకు ఇంత దూరపు గెంతు అవసరం పడదు.

జానపదాన్ని ఇలా వాడుకోవాలంటే ముందు రీమిక్స్ చేయాలి. మనిషి పాడిన పాట, చేత్తో కొట్టిన డప్పు యంత్రం గడియారంలా నడవవు. ఉత్సాహం వచ్చినచోట వేగం పెరుగుతుంది. ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ పాటను ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ స్థిరమైన దెబ్బ మీద కూర్చోబెట్టి, కింద బేస్ డ్రమ్ము పరుస్తారు. చికాగోలో నకల్స్ టేపు మీద చేసిందీ ఇదే. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పెళ్లి ఊరేగింపుల్లో మారుమోగింది. 2022లో 'డీజే టిల్లు' సినిమా హైదరాబాద్ గల్లీ డీజేను కథానాయకుణ్ని చేసింది.

శబ్దం లెక్క

బాక్సులు పెంచితే రాత్రి గొప్పదవుతుందన్న నమ్మకం బరాత్‌లకు పట్టిన పెద్ద జబ్బు. శబ్ద శాస్త్రం దాన్ని ఒప్పుకోదు. ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది మూడు డెసిబెళ్లే. చెవికి రెండింతలు అనిపించాలంటే పది డెసిబెళ్లు, అంటే పదింతల శక్తి కావాలి. డబ్బు, డీజిల్ మాత్రం లెక్కకు లెక్క ఖర్చవుతాయి. పైగా ఆంప్లిఫయర్‌ను దాని స్థాయి దాటించి తోస్తే శబ్ద తరంగం కొసలు తెగి గరగరలు మొదలవుతాయి. ఆ గరగరే చెవిని ముందుగా అలసిపోయేలా చేస్తుంది.

బేస్ గుణం వేరు. 50 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు సుమారు ఏడు మీటర్లు. అది గోడ మూలలు చుట్టి వస్తుంది, తలుపులు దాటుతుంది. అందుకే రెండు వీధుల అవతల పాట వినపడదు, 'ధుమ్ ధుమ్' మాత్రం వినపడుతుంది. న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గరాజ్ క్లబ్బుకు రిచర్డ్ లాంగ్ అనే ఇంజినీరు పేరుపొందిన సౌండ్ వ్యవస్థను రూపొందించాడు. పెద్దగా మోగడం కాదు, శబ్దం ఆడేచోట నిండుగా, శుభ్రంగా వినిపించడమే అలాంటి ఏర్పాటు గొప్పతనం.

చెవికీ హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ గడువు సగానికి పడిపోతుంది. 2022లో అదే సంస్థ సంగీత వేదికలకు సగటున 100 డెసిబెళ్లు గరిష్ఠ హద్దుగా సూచించింది. లోపలి చెవిలోని సన్నని రోమ కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. బాక్సుకు ఆనుకుని ఆడే పిల్లలకు, రోజూ బండి మీదే నిలబడే డీజేకు అందరికంటే ఎక్కువ ప్రమాదం. పిల్లలను బాక్సుల నుంచి దూరం జరపడం, డీజే చెవి ప్లగ్గులు వాడటం పెద్దగా ఖర్చులేని జాగ్రత్తలు. ఆరుబయట బాక్సు నుంచి దూరం రెట్టింపయితే శబ్దం సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది.

చట్టం గీత

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు ప్రమాణం. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు నివాస ప్రాంతాల్లోని హైదరాబాద్ పబ్బుల విషయంలో రాత్రి 10 గంటల హద్దునే పట్టుకుంది. 2024 అక్టోబరు 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ వ్యవస్థలను నిషేధించారు.

ఈ గీతలను చాలామంది సంబరానికి అడ్డంకులుగా చూస్తారు. కానీ బరాత్ సాగే వీధిలోనే పరీక్షలకు చదివే పిల్లలు, గుండె జబ్బుతో ఉన్న ముసలివారు, చంటిబిడ్డ తల్లులు ఉంటారు. వారి రాత్రికి కూడా విలువ ఉంది. బరాత్ గంట ముందు కదిలితే పది లోపే ఇల్లు చేరుతుంది. క్లబ్బు రాత్రిలోని మూడు దశలనూ కుదించి ఆ వ్యవధిలోనే ఇమడ్చవచ్చు.

నేర్చుకునేవారికి

ఈ వృత్తిలోకి రావాలనుకునే కుర్రాళ్లకు మొదటి పెట్టుబడి బండి, బాక్సులు కావు. ల్యాప్‌టాప్, మామూలు కంట్రోలరు, మంచి హెడ్‌ఫోన్ చాలు. మొదట 32 దెబ్బలు లెక్కించడం, తర్వాత కంప్యూటర్ మీట సాయం లేకుండా చెవితో రెండు వేగాలు కలపడం, ఆ తర్వాత బేస్ మార్చడం వరుసగా సాధన చేయాలి. హౌస్ పాటలు దీనికి మంచి అభ్యాసం. వాటి దెబ్బ కదలదు, హద్దులు స్పష్టంగా ఉంటాయి. ఆ చేయి కుదిరాక తీన్మార్‌కు, జానపదానికి మారితే గెంతులు శుభ్రంగా పడతాయి. పక్కనే డప్పు, డోలు వాయించే పెద్దల దగ్గర కూర్చుని దరువుల పేర్లు, నడకలు తెలుసుకున్నవాడి రీమిక్స్‌లో ఆ పాట అసలు కదలిక చెడిపోదు. డీజే బండితోపాటు డప్పు బృందాన్ని కూడా పిలిచే పెళ్లివారు ఆ కళాకారుల బతుకుకూ ఆసరా అవుతారు. పాటల మీద పట్టు, లెక్క మీద గురి, ఎదుటివారి మీద చూపు ఈ మూడూ ఉన్న డీజే చిన్న బాక్సులతోనూ పెద్ద రాత్రిని నడిపించగలడు.